నీలి గద్ద ఎందుకు ఎగరలేకపోయింది?

యంత్రం చెడితే బాగుచేయడం మనకు తెలుసు. పళ్ల చక్రం విరిగితే కొత్తది వేస్తాం. బెల్టు తెగితే అతుకుతాం. కాని యంత్రాలన్నీ చక్కగా ఉన్నాయి, బొగ్గు గుట్టలుగా పడి ఉంది, ముడిసరుకు గిడ్డంగిలో మూలుగుతోంది, పని తెలిసినవాళ్లు గేటు బయటే నిలబడి ఉన్నారు. అయినా కర్మాగారం నడవడం లేదనుకోండి. అప్పుడు ఎవరిని పిలవాలి? ఏ భాగం విప్పి చూడాలి?

1930 తరువాత కొన్నేళ్లపాటు అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఈ ప్రశ్న ముందే నిలబడ్డాయి. 1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కుప్పకూలింది. ఆ తరువాత వేలకొద్దీ బ్యాంకులు మూతపడ్డాయి. 1932 నాటికి ఆ దేశపు పారిశ్రామిక ఉత్పత్తి 1929లో ఉన్నదానిలో దాదాపు సగానికి దిగింది. 1933లో పనిచేయగలవారిలో ప్రతి నలుగురికీ ఒకరు చొప్పున, సుమారు 1 కోటి 28 లక్షల మంది, పని లేకుండా ఉన్నారు. భూకంపం రాలేదు, వరద రాలేదు, యుద్ధం జరగలేదు. ఒక్క యంత్రం కూడా పాడు కాలేదు. దీనినే చరిత్రలో మహా మాంద్యం అంటారు.

ఆ గాలి సముద్రాలు దాటి మన దాకా వీచింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వడ్ల ధర కొద్ది సంవత్సరాల్లోనే దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం తగ్గలేదు. మీ ముత్తాతల కాలంలో పొలాలు అమ్ముకున్న కుటుంబాల కథలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఈనాటికీ వినిపించవచ్చు. అయితే ఈ వ్యాసంలో మనం చూడబోయేది అమెరికా ప్రభుత్వం చేసిన వైద్యం గురించి. ఆ వైద్యంలో కొంత ఫలించింది, కొంత వికటించింది. ఏది ఎందుకు అలా అయిందో చూడటం సైన్సు చదివేవారికి మంచి అభ్యాసం.

మైకు కీచుమన్నట్టు

ముందు రోగమేమిటో తెలుసుకుందాం. స్కూలు వార్షికోత్సవంలో మైకు పట్టుకున్నవాడు లౌడు స్పీకరు ముందుకు వెళ్తే చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది కదా! ఎందుకు? మైకులో పడిన చిన్న శబ్దం స్పీకరులో పెద్దదై బయటికి వస్తుంది. అది మళ్లీ మైకులో పడి ఇంకా పెద్దదవుతుంది. ఫలితమే కారణంగా మారి తిరుగుతూ ఉంటుందన్నమాట. ఎవరూ గట్టిగా అరవలేదు. వలయమే అరిచింది.

మాంద్యం కూడా ఇటువంటి వలయమే, కాకపోతే ఇది కిందికి తిరుగుతుంది. అమ్మకాలు తగ్గితే యజమాని కొందరు కార్మికులను మాన్పిస్తాడు. పని పోయినవాడు కొత్త చొక్కా కొనడు. చొక్కాలు అమ్ముడుపోక బట్టల మిల్లు మరికొందరిని మాన్పిస్తుంది. వాళ్లు చెప్పులు కొనరు. పని ఉన్నవాడు కూడా రేపు ఏమవుతుందోనని భయపడి నాలుగు డబ్బులు దాచుకుంటాడు. సరుకు కదలక దుకాణదారు ధర తగ్గిస్తాడు. ధర తగ్గితే కొంటారు కదా అనుకుంటున్నారా? మామూలు రోజుల్లో అది నిజం. ధరలన్నీ నెలనెలా దిగుతున్నప్పుడు మాత్రం వచ్చే నెల ఇంకా చవకవుతుందని కొనేవాడు ఆగుతాడు. పైగా పాత ధరల్లో చేసిన అప్పు తగ్గదు. బస్తా పది రూపాయలున్నప్పుడు వంద అప్పు చేసిన రైతు పది బస్తాలు అమ్మి తీర్చగలడు. బస్తా ఐదుకు దిగితే ఇరవై బస్తాలు కావాలి. అప్పు అంకె మారలేదు, బరువు రెట్టింపయింది.

ఈ వలయంలో ఎవరూ తెలివితక్కువగా ప్రవర్తించలేదని గమనించండి. యజమాని చేసింది అతనికి సబబే, కార్మికుడు చేసింది అతనికి సబబే. అందరి సబబులూ కలిసి దేశాన్ని ముంచాయి. అందుకే ఏ ఒక్కరూ తమంతట తాము దీనిలోంచి బయటపడలేరు. బయటినుంచి ఎవరో వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

ఎక్కడ తెంచాలి? అసలు వివాదమంతా ఇక్కడే ఉంది.

ఒకే చట్టంలో రెండు మందులు

1933 మార్చి 4న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యాడు. ఏప్రిల్ నెలలో సెనేటు ఒక బిల్లును ఆమోదించింది. వారానికి 30 గంటలకు మించి ఎవరిచేతా పని చేయించకూడదనీ, అలా చేస్తే ఉన్న పని ఎక్కువమందికి సర్దుబాటవుతుందనీ దాని సారాంశం. రూజ్‌వెల్ట్‌కు అది మోటుగా తోచింది. దాని బదులు తన సలహాదారులచేత వేరే చట్టం తయారుచేయించి 1933 జూన్ 16న సంతకం పెట్టాడు. అదే జాతీయ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం.

దీనిలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం ప్రకారం ప్రతి పరిశ్రమలోని యజమానులూ కూర్చుని ఒక నియమావళి రాసుకోవాలి. కనీస కూలి ఎంత, వారానికి ఎన్ని గంటలు, ఏ రకం పోటీ కూడదు అన్నవి అందులో ఉంటాయి. ప్రభుత్వం ఆమోదిస్తే దానికి చట్టబలం వస్తుంది. కార్మికులకు సంఘం పెట్టుకుని బేరమాడే హక్కు కూడా ఈ భాగంలోనే ఇచ్చారు. దీని అమలుకు పుట్టిన జాతీయ పునరుద్ధరణ సంస్థను మూడు పొడి అక్షరాలతో ఎన్.ఆర్.ఏ. అనేవారు. రెండవ భాగం ప్రజాపనులకు 330 కోట్ల డాలర్లు కేటాయించింది. వంతెనలు, ఆనకట్టలు, బడులు, ఆసుపత్రులు ప్రభుత్వమే కట్టించాలి, లేదా కట్టేవారికి డబ్బివ్వాలి.

అంటే మొదటి మందు ధరల దగ్గర, కూలి దగ్గర వలయాన్ని తెంచాలని చూసింది. రెండవది కొనుగోళ్ల దగ్గర. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

గద్ద బొమ్మ

ఎన్.ఆర్.ఏ.కు అధిపతిగా హ్యూ జాన్సన్ అనే మాజీ సైనికాధికారిని పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పరిశ్రమలను యుద్ధానికి సమాయత్తం చేసిన బోర్డులో ఆయన పనిచేశాడు. గొంతు పెద్దది, కోపం ఎక్కువ, ఊరేగింపులంటే ఇష్టం. వందల పరిశ్రమలకు నియమావళులు రాయాలంటే నెలలు పడుతుంది. అందాకా ఆగకుండా 1933 జూలైలో ఒక తాత్కాలిక ఒప్పందం తెచ్చారు. దానిపై సంతకం పెట్టిన యజమాని కర్మాగారపు పనివాడికి వారానికి 35 గంటలు, గుమాస్తాకు 40 గంటలు మించకుండా చూడాలి. కర్మాగారపు పనివాడికి గంటకు మామూలుగా 40 సెంట్లు, కొన్ని సందర్భాల్లో 30 సెంట్లకు తగ్గకుండా ఇవ్వాలి (100 సెంట్లు ఒక డాలరు). పదహారేళ్ల లోపు పిల్లలను మామూలుగా పనిలో పెట్టుకోకూడదు.

సంతకం పెట్టినవారికి ఒక బొమ్మ ఇచ్చేవారు. రెక్కలు చాచిన నీలి గద్ద. ఒక కాలితో పళ్ల చక్రాన్ని, మరొక కాలితో మెరుపులను పట్టుకుని ఉంటుంది. పరిశ్రమకు చక్రం, విద్యుత్తుకు మెరుపు అన్నమాట. కింద ‘మా వంతు మేము చేస్తున్నాం’ అన్న అర్థం వచ్చే మాటలు. దుకాణాల అద్దాలమీద, సరుకుల పెట్టెలమీద, వార్తాపత్రికల మొదటి పేజీలమీద ఈ గద్ద వాలింది. గద్ద లేని దుకాణంలో కొనవద్దని గృహిణులచేత ప్రమాణాలు చేయించారు. 1933 సెప్టెంబరులో న్యూయార్కులో జరిగిన ఊరేగింపులో సుమారు రెండున్నర లక్షలమంది నడిచారు. మూడేళ్లుగా తలవంచుకుని ఉన్న జనానికి ఆ రోజు పండుగలా ఉండి ఉంటుంది. ఆ ఉత్సాహాన్ని తేలికగా తీసిపారేయకూడదు. వలయంలో భయం కూడా ఒక భాగమే కదా, భయం తగ్గితే అదీ కొంత మందే.

నూలు మిల్లు లెక్క

ఇప్పుడు పలకా బలపం తీసుకోండి. ఒక నూలు మిల్లులో 100 మంది వారానికి 48 గంటలు, గంటకు 25 సెంట్లకు పనిచేస్తున్నారనుకుందాం. ఒక్కొక్కరికి వారానికి 12 డాలర్లు వస్తుంది. మిల్లు మొత్తం కూలి 1,200 డాలర్లు.

గంటలను 40కి తగ్గించాం. అంతే పని జరగాలంటే 4,800 గంటలను 40తో భాగించాలి, 120 మంది కావాలి. ఇరవైమందికి కొత్తగా పని దొరికింది. భేష్! కాని గంటకు పాత 25 సెంట్లే ఇస్తే ఒక్కొక్కరికి 10 డాలర్లే వస్తుంది. మొత్తం కూలి మళ్లీ అదే 1,200. అంటే ఉన్న రొట్టెను ఇంకా చిన్న ముక్కలు చేసి పంచామే గాని రొట్టె పెరగలేదు. అందుకని గంటకు 30 సెంట్లు చేద్దాం. ఒక్కొక్కరికి మళ్లీ 12 డాలర్లు, మొత్తం కూలి 1,440 డాలర్లు. ఇది ఊహాలోకపు లెక్కేమీ కాదు. 1933 జూలైలో ఆమోదం పొందిన మొట్టమొదటి నియమావళి నూలు పరిశ్రమదే. దానిలో వారానికి 40 గంటల పనికి దక్షిణాది రాష్ట్రాల్లో 12 డాలర్లు, ఉత్తరాదిలో 13 డాలర్లు కనీస కూలిగా రాశారు. ఆ మిల్లుల్లో బాలకార్మికులు ఉండకూడదన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. అది నిజంగా మంచిపని.

అయితే అదనంగా వచ్చిన ఆ 240 డాలర్లు ఎవరి జేబులోంచి రావాలి? అమ్మకాలు పెరగలేదు. మిల్లు యజమాని దగ్గర లాభాలు లేవు. కాబట్టి బట్ట ధర పెంచాడు. పెంచడానికి చట్టం వీలు కూడా కల్పించింది. 1890 నుంచి అమెరికాలో వ్యాపారులు కుమ్మక్కై ధరలు పెంచకూడదనే చట్టం ఉంది. నియమావళి రాసుకున్నవారికి దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇంకేముంది! చాలా నియమావళుల్లో ఇంత ధరకు తక్కువ అమ్మరాదనీ, కొత్త యంత్రాలు పెట్టరాదనీ, ఇన్ని గంటలకు మించి యంత్రాలు నడపరాదనీ షరతులు చేరాయి. కూలీలకు 12 డాలర్లు వచ్చాయి సరే, ఆ 12 డాలర్లకు వచ్చే బట్ట తగ్గింది.

ధరలు పడిపోవడం మాంద్యానికి గుర్తు. కాబట్టి ధరలు పెంచితే మాంద్యం పోతుందని చట్టం రాసినవారు అనుకున్నారు. జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరులో పాదరసం పైకి ఎక్కుతుంది. థర్మామీటరును విదిలిస్తే పాదరసం దిగుతుంది, జ్వరం దిగదు. జనం ఎక్కువగా కొనడంవల్ల ధర పెరిగితే అది ఆరోగ్య లక్షణం. ఉత్పత్తిని బిగబట్టి, ఖర్చులు పెంచి ధర పెంచితే అది థర్మామీటరును విదిలించడమే. బ్రిటిష్ ఆర్థిక శాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1933 డిసెంబరు 31న న్యూయార్కు టైమ్స్ పత్రికలో రూజ్‌వెల్ట్‌కు రాసిన బహిరంగ లేఖలో ఇంచుమించు ఈ తేడానే ఎత్తిచూపాడు. సంస్కరణ వేరు, కోలుకోవడం వేరు, ఈ చట్టం మొదటిదానికోసం రెండవదాన్ని ఆటంకపరుస్తోందేమో అన్నది ఆయన అనుమానం.

వ్యవసాయంలోనూ ఇదే ఆలోచన నడిచింది. 1933లో ప్రత్తి ధర పెంచడానికి ఎదిగిన ప్రత్తి చేలను సుమారు కోటి ఎకరాల మేర దున్నించేశారు. సుమారు 60 లక్షల పందులను ముందుగానే చంపించారు. ఆ మాంసంలో కొంత పేదలకు పంచినా చాలావరకు ఎరువుల పాలైంది. పట్టణాల్లో గంజి కోసం జనం బారులు తీరి నిలుచున్న సంవత్సరంలో ఇది జరిగింది. లెక్కప్రకారం ధరలు పెరిగాయనే చెప్పాలి. నాకు మాత్రం ఆ లెక్క ఎప్పుడు చదివినా మనసొప్పదు.

ఉత్పత్తి అసలు పెరగలేదా అంటే, పెరిగింది. 1933 మార్చి నుంచి జూలై వరకు సగానికి పైగా పెరిగింది. కాని తేదీలు చూడండి. నియమావళులు చాలావరకు ఇంకా రానే లేదు. కూలి, ధరలు పెరగకముందే సరుకు తయారుచేసి పెట్టుకుందామని మిల్లులు తొందరపడ్డాయి. మరొక కారణం బంగారం. అంతవరకు డాలరు విలువ బంగారంతో గట్టిగా ముడివేసి ఉండేది. 1933 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ ఆ ముడి విప్పాడు. తరువాత 1934 జనవరిలో ఔన్సు బంగారం ధరను 20 డాలర్ల 67 సెంట్ల నుంచి 35 డాలర్లకు మార్చారు. దాంతో దేశంలో డబ్బు పెరిగే వీలు కలిగింది. ఎన్.ఆర్.ఏ. నియమావళులు అమలయ్యే శరదృతువులో ఉత్పత్తి మళ్లీ దిగజారింది.

ఐదు సెంట్ల నేరం

1935 వరకు 500 పైచిలుకు నియమావళులు వచ్చాయి. ఉక్కు, బొగ్గు, మోటారు కార్లు సరే. కుక్కల ఆహారం తయారీకి కూడా ఒకటి రాశారు! రాసింది ఎవరు? ప్రతి పరిశ్రమలోనూ పెద్ద కంపెనీలవారికే తీరిక, గుమాస్తాలు, వకీళ్లు ఉంటారు. సహజంగానే వారికి అనుకూలమైన నియమాలు వచ్చాయి. 1934లో ప్రసిద్ధ న్యాయవాది క్లారెన్స్ డారో నాయకత్వంలోని పరిశీలక సంఘం ఈ మాటే నివేదించింది. అదే సంవత్సరం న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక చిన్న దర్జీ సూటు ఇస్త్రీకి 40 సెంట్లు తీసుకోవలసి ఉండగా 35 సెంట్లే తీసుకున్నందుకు జైలు శిక్ష, జరిమానా పడ్డాయి. గగ్గోలు పుట్టడంతో మూడు రోజుల్లో వదిలేశారు. గిరాకీ లేని రోజుల్లో పేదవాడు చవకగా పనిచేయడం నేరమైపోయింది!

అందరికన్నా పేదలకు ఈ గద్ద నీడ అందనేలేదు. వ్యవసాయ కూలీలు, ఇళ్లలో పనిచేసేవారు నియమావళుల పరిధిలోకి రారు. దక్షిణాదిలో నల్లజాతివారిలో ఎక్కువమంది చేసేది ఆ పనులే. నూలు మిల్లుల్లో గంటలు తగ్గించిన యజమానులు ఆ తక్కువ గంటల్లోనే ఎక్కువ మగ్గాలు చూడమని పని వేగం పెంచారు. 1934 సెప్టెంబరులో సుమారు నాలుగు లక్షలమంది నేత, నూలు కార్మికులు సమ్మె చేశారు. సమ్మె అణగిపోయింది.

చివరికి గద్దను నేలకు దించినది ఒక కోడి. న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో షెక్టర్ అన్న ఇంటిపేరుగల అన్నదమ్ములు కోళ్ల వ్యాపారం చేసేవారు. కోళ్ల నియమావళి ప్రకారం కొనేవాడు గంపలోంచి చేతికి వచ్చిన కోడినే తీసుకోవాలి, ఏరుకోరాదు. వీళ్లు ఏరుకోనిచ్చారు. కూలి, గంటల నియమాలు కూడా తప్పారని, తినడానికి పనికిరాని కోడిని అమ్మారని కేసు పెట్టారు. పత్రికలు దీనికి ‘జబ్బుకోడి కేసు’ అని పేరుపెట్టాయి. సుప్రీంకోర్టులో వాదన జరుగుతుండగా కోళ్లన్నీ గంపలో ఒకమూలకు చేరితే ఏమి చేయాలన్న ప్రశ్న వచ్చి కోర్టంతా నవ్వులు మోగాయట. తీర్పు మాత్రం నవ్వులాట కాదు. 1935 మే 27న ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ చదివిన ఆ తీర్పుతో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకీభవించారు. చట్టాలు చేసే అధికారం ప్రజలెన్నుకున్న కాంగ్రెసుది. హద్దులు గీయకుండా దాన్ని అధ్యక్షుడికి, వ్యాపార సంఘాలకు అప్పగించరాదు. ఇక ఒక రాష్ట్రంలోపలే జరిగే కోళ్ల అమ్మకం కేంద్ర ప్రభుత్వపు అధికారంలోకి రాదు. నియమావళులన్నీ ఒక్కరోజులో చెల్లకుండా పోయాయి. దుకాణాల అద్దాలమీది గద్దలను గోకి తీసేశారు.

ఎండిన పంపులో చెంబెడు నీళ్లు

ఇక రెండవ మందు సంగతి. ఇళ్లలో ఉండే పాతకాలపు చేతిపంపు చూశారా? కొన్నాళ్లు వాడకపోతే లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకుపోతుంది. పక్కనుంచి గాలి దూరిపోతూ ఉంటే ఎంత కొట్టినా నీళ్లు రావు. భూమిలో నీళ్లు లేకనా? కాదు. పైనుంచి చెంబెడు నీళ్లు పోస్తే వాషరు తడిసి బిగుసుకుంటుంది, గాలి సందు మూసుకుంటుంది, అప్పుడు లోపల పీడనం తగ్గి బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. పోసింది చెంబెడు, వచ్చేది బిందెలకొద్దీ. ఆనాటి అమెరికాలో ప్రభుత్వ ఖర్చుకు జనం ఈ పంపు పోలికే వాడేవారు.

న్యూయార్కులోని ట్రైబరో వంతెన కథ చూడండి. దాని శంకుస్థాపన జరిగింది 1929 అక్టోబరు 25న, అంటే షేర్ల బజారులో మొదటి పెద్ద పతనం వచ్చిన మర్నాడు! కొంత కాలానికే డబ్బు లేక పని ఆగిపోయింది. 1933 తరువాత ప్రజాపనుల సంస్థ అప్పు, గ్రాంటు కలిపి సుమారు 4 కోట్ల 42 లక్షల డాలర్లు ఇస్తే మళ్లీ మొదలై 1936 జూలైలో పూర్తయింది. వంతెన దగ్గర పనిచేసిన కూలీలే కాదు, దానికి కావలసిన ఉక్కు, సిమెంటు, కలప ఎక్కడెక్కడి రాష్ట్రాల్లోనో తయారయ్యాయి. అక్కడి కార్మికులు కూలితో చెప్పులు కొన్నారు, చొక్కాలు కొన్నారు. వలయం అదే, తిరిగే దిక్కు మారింది. ఇక్కడ ధర పెంచమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కొనేవాడు వచ్చాడు, అంతే.

మరి ఈ మందు అప్పుడే ఎందుకు గుణమివ్వలేదు? చెంబు చాలా నెమ్మదిగా వంచారు. ప్రజాపనుల సంస్థ అధిపతి హెరాల్డ్ ఇకీజ్ నిజాయితీపరుడు, ఒక్క డాలరు కూడా కాంట్రాక్టరు బొక్కసంలోకి పోరాదని ప్రతి ప్లానునూ తానే చూసేవాడు. ఆయన తప్పనలేం. కాని ఆకలి ఫైళ్ల కోసం ఆగదు కదా. 1933 నవంబరులో చలికాలం ముంచుకొస్తుంటే హారీ హాప్కిన్స్ ఆధ్వర్యంలో వేరే తాత్కాలిక సంస్థ పెట్టారు. రెండు నెలలు తిరగకుండా 40 లక్షలమంది పైగా రోడ్లు, బడుల మరమ్మతు పనుల్లో చేరారు. ఖర్చు చూసి భయపడి వసంతకాలానికే దాన్ని ఆపేశారు. తరువాత 1935లో మరింత పెద్ద ఉపాధి సంస్థను పెట్టారు. 1943 వరకు నడిచిన ఆ సంస్థలో మొత్తంమీద సుమారు 85 లక్షలమంది పనిచేశారు.

ప్రజాపనులవల్ల మిగిలినవి కంటికి కనబడతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నదిమీద గ్రాండ్ కూలీ ఆనకట్ట పని 1933లో మొదలై 1941లో విద్యుత్తు ఇచ్చింది. ఖనిజంలోంచి అల్యూమినియం తీయాలంటే విద్యుద్విశ్లేషణం చేయాలి, దానికి అపారమైన విద్యుత్తు కావాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాలకు కావలసిన అల్యూమినియానికి ఆ నది శక్తి ఉపయోగపడింది. 1933 మే నెలలోనే ఇంకొక చట్టంతో టెన్నెసీ లోయ సంస్థ పుట్టింది. ఏడు రాష్ట్రాలను తాకే ఒక నదీలోయలో వరదలు ఆపడం, విద్యుత్తు తీయడం, ఎరువులు చేయడం అన్నీ ఒకే సంస్థ చేతిలో పెట్టారు. మన దేశంలో 1943 దామోదర్ వరదల తరువాత మేఘనాద్ సాహా వంటి శాస్త్రవేత్తలు ఆ ఉదాహరణను చూపించే వాదించారు. ఆ సంస్థలోని ఇంజనీరు ఒకరు వచ్చి తొలి పథకం తయారుచేశారు. 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ అలా ఏర్పడింది.

ఏ మందు పనిచేసింది?

ఇక్కడ సైన్సు విద్యార్థికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక రోగికి ఒకేసారి నాలుగు మందులు ఇచ్చారు, జ్వరం కొంచెం తగ్గింది. ఏ మందు గుణం? ప్రయోగశాలలో అయితే ఒక మొక్కకు ఎరువు వేసి, పక్క మొక్కకు వేయకుండా పోల్చి చూస్తాం. అమెరికా పక్కన మాంద్యంలోనే ఉండి మందులేమీ తీసుకోని రెండవ అమెరికా లేదు. అందుకే ఎన్.ఆర్.ఏ. కోలుకోవడాన్ని ఆలస్యం చేసిందని కొందరు ఆర్థిక శాస్త్రవేత్తలు గట్టిగా అంటుంటే, ధరలు ఇక పడవు అన్న నమ్మకం కలిగించి మేలే చేసిందని మరికొందరు నేటికీ వాదిస్తున్నారు. నా మట్టుకు నాకు మొదటి వాదమే బలంగా తోస్తుంది.

అయినా చరిత్ర అప్పుడప్పుడు తానే ఒక ప్రయోగం చేసి చూపిస్తుంది. 1937 నాటికి నిరుద్యోగం 14 శాతం దాకా దిగింది. ఇక పంపు నడుస్తోంది కదా అని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఖర్చులు బాగా తగ్గించింది, బ్యాంకులు అప్పులివ్వకుండా ఎక్కువ డబ్బు నిలవ ఉంచాలని నియమం వచ్చింది. ఏడాది తిరక్కుండా పారిశ్రామిక ఉత్పత్తి సుమారు మూడోవంతు పడిపోయింది, నిరుద్యోగం 19 శాతానికి ఎక్కింది. 1938లో మళ్లీ ఖర్చు మొదలుపెట్టాక తేరుకుంది. ప్రపంచ యుద్ధం వచ్చి ప్రభుత్వం లెక్కచూడకుండా ఓడలు, విమానాలు కొన్న తరువాత 1943లో నిరుద్యోగం 2 శాతం లోపుకు వచ్చింది. చెంబు కాదు, కుండలకొద్దీ పోశారు. అంత నీరు శాంతికాలంలో ఎందుకు పోయలేదన్న ప్రశ్నకు ఆర్థిక శాస్త్రం కన్నా రాజకీయాలే జవాబు చెప్పాలి.

నీలి గద్ద మాత్రం ఉత్తచేతులతో పోలేదు. అది ఇచ్చిన సంఘం హక్కును 1935 జూలైలో వేరే చట్టం నిలబెట్టింది. 1938లో ఇంకొక చట్టం దేశమంతటికీ కనీస కూలి గంటకు 25 సెంట్లు, వారానికి 44 గంటలు అని నిర్ణయించి, పదహారేళ్ల లోపు పిల్లలను కర్మాగారాల్లో పెట్టుకోరాదంది. ఈసారి అంకెలు వ్యాపార సంఘాలు కాక కాంగ్రెసే రాసింది. 1941లో అదే సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని ఆమోదించింది. అయితే 1933లో దక్షిణాది నూలు మిల్లు కార్మికుడికి గద్ద రాసిచ్చిన గంటకు 30 సెంట్ల కూలిని ఈ కొత్త చట్టం అందుకోవడానికి 1939 దాకా పట్టింది.